ఎడ్డెమంటే తెడ్డెమనే అన్నయ్యగారు

ప్రశ్న: మాది రాజమండ్రి. నాకు 41 ఏళ్లు. ఇంట్లో మా వారు, ఇంటర్‌లో చేరబోతున్న మా అమ్మాయి, 68 ఏళ్ల అత్తయ్య, నేను. రెండేళ్ల కిందట మా వదినగారు (మా వారి అక్కయ్య), అన్నయ్యగారు మా పక్క వీధిలోకి మారారు. అన్నయ్యగారు ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యారు. రోజూ సాయంత్రం ఐదున్నరకల్లా మా ఇంటికి కాఫీకి వస్తారు. చెడ్డవారు కాదు, అత్తయ్యకి కంటి ఆపరేషన్ అయినప్పుడు రెండు రాత్రులు ఆస్పత్రిలో పడుకున్నది ఆయనే. కానీ ఏమన్నా కాదంటారు. ఉక్కగా ఉందంటే ‘ఇదేం ఉక్క’ అంటారు. మర్నాడు చల్లగా ఉందంటే ‘ఎక్కడ చల్లన, చెమటలు కారుతుంటే’ అంటారు. మేం పులస కొంటే అది పులస కాదు, సముద్రపు ఇలస అన్నారు. వారం తర్వాత పక్కింటివాళ్లు తెచ్చింది ఇలసేమో అని మా వారంటే ‘కాదు, అది అసలైన పులస, మీకు తెలియదు’ అన్నారు. గోదావరి పుష్కరాలు 2015లో వచ్చాయని నేనంటే 2016 అన్నారు. అందరి ముందూ ఫోన్‌లో చూపించాను. ‘ఫోన్‌లో ఎవడైనా ఏదైనా రాస్తాడు’ అన్నారు. మా అమ్మాయి సీఈసీ తీసుకుంటానంటే అది చదివి ఏం చేస్తావన్నారు, పోనీ ఎంపీసీ అంటే ఇంజనీర్లంతా ఖాళీగా తిరుగుతున్నారన్నారు. ఇప్పుడది ఆయన చెప్పుల చప్పుడు వింటే చాలు గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. స్థలం కొందామని అడ్వాన్సు దాకా వెళ్తే లింకు డాక్యుమెంట్లలో ఒకటి లేదంటూ అడ్డుపుల్ల వేశారు. బీపీ మాత్రలు మొదలుపెడితే జీవితాంతం మింగాలి, అదంతా వ్యాపారం అన్నారని అత్తయ్య మూడు వారాలుగా మాత్రలు మానేశారు. మా వారేమో ‘బావగారి తీరే అంత, పట్టించుకోకు’ అంటారు. ఇంటల్లుడు, ఎదురు చెప్పలేం. సాయంత్రం ఐదయ్యేసరికి నాకు టెన్షన్ మొదలవుతుంది. నేను నోరు మూసుకోవాలా, లేక ఒక్కసారి గట్టిగా కడిగెయ్యాలా? (పేరు వద్దన్నారు)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి పులస దగ్గర నవ్వొచ్చింది, దాచను. రెండోసారి మాత్రల దగ్గర ఆగిపోయాను. ఉక్క, పులస, పుష్కరాలు, స్థలం, బీపీ, అన్నిటినీ మీరు ఒకే మూటలో కట్టి నా ముందు పెట్టారు. మీకు రోజూ అలాగే తగులుతున్నాయి కాబట్టి అలాగే రాశారు, అర్థమవుతుంది. కానీ ఆ మూట విప్పకపోతే మీరడిగిన ప్రశ్నకి జవాబు లేదు, ఎందుకంటే అందులో ఒకటి అస్సలు పట్టించుకోకూడనిది, ఒకటి ఇవాళే పట్టించుకోవలసింది, ఒకటేమో (మీకు కోపం రావచ్చు) ఆయనే రైటు.

మాత్రల సంగతి ముందు, మిగతావన్నీ దాని తర్వాతే. అత్తయ్యగారిని రేపో ఎల్లుండో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మూడు వారాలు మానేశారని దాచకుండా చెప్పండి. పాత మాత్రలు మళ్లీ మీ అంతట మీరు మొదలుపెట్టించకండి, డాక్టరు చూసి చెప్పాలి. కొన్ని రకాల బీపీ మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే బీపీ ఎగదన్నుతుంది. బీపీతో ఉన్న చిక్కేమిటంటే, అది ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏమీ తెలియదు, తలనొప్పి కూడా ఉండదు. కాబట్టి ‘మానేశాక కూడా బాగానే ఉన్నాను కదమ్మా’ అని ఆవిడ అంటే, అది రుజువు కాదు. దండచేతికి పట్టీ కట్టే బీపీ మిషన్ ఒకటి కొనండి. కాఫీ తాగీ తాగగానే కాదు, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి చూసి ఒక నోటుబుక్కులో రాయండి. 140/90 గాని అంతకంటే ఎక్కువ గాని తరచూ కనపడుతుంటే ఆ పుస్తకం డాక్టరుకి చూపించండి, మిగతాది ఆయన చూసుకుంటాడు.

ఈ విషయంలో అన్నయ్యగారితో వాదించకండి. ఒక్క మాట కూడా. ఆయన్ని ఒప్పించాల్సిన పని ఇందులో ఏముంది? మాత్ర మింగేది ఆయన కాదు. మీరు మాట్లాడాల్సింది అత్తయ్యతో, అదీ ఆయన లేనప్పుడు, పొద్దున పూట, కూరగాయలు తరుగుతూనో పూలు కడుతూనో. ‘జీవితాంతం వేసుకోవాలి’ అన్నారు కదా, నిజమే కావచ్చు, చాలామంది వేసుకుంటున్నారు. కళ్లజోడు కూడా జీవితాంతమే పెట్టుకుంటాం, దానికెవరూ భయపడి గుడ్డిగా తిరగరు. ఆవిడకి ఆ మాట చాలనుకుంటాను. చాలకపోతే డాక్టరు చేత చెప్పించండి, అల్లుడి మాటకి ఎదురు నిలబడగలిగేది మన ఇళ్లలో తెల్లకోటు ఒక్కటే.

ఆ తర్వాత మీ వారు తన బావగారితో విడిగా మాట్లాడాలి. మీరు కాదు, ఆయనే. ‘పట్టించుకోకు’ అని మీకు చెప్పడం తేలికే, కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి వినేది ఆయన కాదు కదా. గోదావరి గట్టు మీద నడుచుకుంటూ వెళ్తూ చెప్పినా సరే, నలుగురిలో మాత్రం వద్దు. ‘బావా, మిగతా ఏ విషయమైనా నీ ఇష్టం, నువ్వేమన్నా వింటాం. అమ్మ మందుల గురించి మాత్రం అమ్మ ముందు మాట్లాడకు. నీ మాట మీద ఆవిడ మాత్రలు మానేసింది.’ ఇంతే. వ్యాపారమా కాదా అనే చర్చలోకి దిగకూడదు. చాలామంది ఇక్కడే జారిపోతారు, ‘మందుల కంపెనీలు మోసం చేయవంటావా’ అని ఆయన అనగానే ‘చేయవని కాదు గానీ...’ అని మొదలుపెడతారు, అరగంట తర్వాత అమ్మ సంగతి ఎక్కడో ఉంటుంది. అలా అడిగితే ‘చేస్తే చేస్తాయి బావా, అమ్మ ముందు మాత్రం వద్దు’ అనడమే. రెండోసారి అడిగినా అదే మాట. నాకనిపిస్తుంది, రెండు రాత్రులు ఆస్పత్రిలో పడుకున్న మనిషికి తన మాట వల్ల ఏం జరిగిందో తెలిస్తే నోరు పెగలదు. ఆయనకి ఎవరైనా చెప్పారా అసలు?

ఇక ఎడ్డెం తెడ్డెం సంగతికి వద్దాం.

వితండవాదం అనే మాట మనం రోజూ వాడతాం, మొండిగా వాదించేవాళ్లందరికీ అంటించేస్తాం. నిజానికి అది చాలా కచ్చితమైన మాట. న్యాయశాస్త్రంలో (కోర్టు చట్టాలు కాదు, మన పాతకాలపు తర్కశాస్త్రం) గౌతమ మహర్షి మాటామాటా అనుకోవడాన్ని మూడు రకాలుగా విడదీశాడు. ఇద్దరూ నిజం తేల్చుకోవడానికి మాట్లాడుకుంటే వాదం. గెలవడానికి మాట్లాడితే జల్పం, అందులో ఎత్తులూ జిత్తులూ ఉంటాయి. అవతలివాడు చెప్పింది పడగొట్టడమే తప్ప తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకపోతే అది వితండ. చూడండి, మొండితనం ప్రసక్తే లేదు. తన పక్షం లేకపోవడం, అదీ లక్షణం. సీఈసీ వద్దు, ఎంపీసీ వద్దు, మరేది కావాలి? ఆయన చెప్పలేదు. మీరూ అడగలేదు. అదే శాస్త్రంలో ఛలం అని ఇంకోటుంది, మాటని పట్టుకుని మెలిపెట్టడం. దానికి చెప్పే ఉదాహరణ నాకు భలే ఇష్టం. ఈ పిల్లవాడి దగ్గర నవకంబళం ఉంది అని ఒకడంటాడు, కొత్త కంబళి అని వాడి ఉద్దేశం. రెండోవాడు ‘తొమ్మిదెక్కడున్నాయి, ఒకటేగా ఉంది’ అంటాడు. నవ అంటే తొమ్మిది కూడా కదా! కాబట్టి అమ్మా, మీ అన్నయ్యగారి లాంటివాళ్లు ఈ కాలపు సరుకు కాదు, వందల ఏళ్ల కిందటే వాళ్లతో వేగలేక ఎవరో కూర్చుని పేర్లు పెట్టారు.

దీని గురించి నేను కొంచెం ధైర్యంగా చెప్పగలగడానికి కారణం, నేనూ ఆ బాపతే. ఇరవై మూడేళ్ల వయసులో హైదరాబాద్‌లో అమీర్‌పేటలో నలుగురం ఒక గదిలో ఉండేవాళ్లం, కోర్సులూ ఉద్యోగాల వేటా. ఆదివారం ఎక్కడికైనా వెళ్దామంటే గోల్కొండ అంటే ఎండ అనేవాణ్ని, జూ అంటే చిన్నపిల్లలమా అనేవాణ్ని, ట్యాంక్‌బండ్ అంటే రోజూ చూసేదేగా అనేవాణ్ని. నాకు నేను తెలివిగా కనపడేవాణ్ని, అదొక మత్తు, అనుభవిస్తేగాని తెలియదు. ఒకరోజు మాలో బాగా నెమ్మదస్తుడు, కర్నూలు వైపు కుర్రాడు, షూ లేసు కట్టుకుంటూ ‘సరే నువ్వు చెప్పు, నువ్వు ఎక్కడంటే అక్కడికే పోదాం’ అన్నాడు. వెటకారం లేదు, కోపం లేదు. ముగ్గురూ నా వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు ఒక్క పేరు నోట్లోకి రాలేదు. రెండు నిమిషాలు ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. చివరికి ‘మీ ఇష్టం’ అన్నాను. ఆ రోజు నుంచి మారిపోయానని చెప్పను, మా ఇంట్లోవాళ్లు ఇది చదివితే నవ్వుతారు. కానీ ఆ రెండు నిమిషాలు ఎప్పటికీ మర్చిపోలేదు.

కాబట్టి ఏదైనా తేల్చాల్సిన విషయంలో ఆయన కాదన్నప్పుడు మీరు మీ మాటని సమర్థించుకోవడం మానేసి, ‘మీరైతే ఏం చేస్తారు అన్నయ్యగారూ?’ అని అడగండి. అడిగి ఊరుకోండి. ఆ ఊరుకోవడమే కష్టం, మనం ప్రశ్న వేసి మనమే జవాబు అందించేస్తాం. ఆయన ఇంకో అభ్యంతరం చెప్తే, ‘సరేనండీ, అది వద్దు, మరి ఏది?’ అని మళ్లీ అదే. గొంతులో చురుకు ఉండకూడదు, ఆయన్ని ఇరికించడానికి అడిగితే ఆయనకి వెంటనే తెలిసిపోతుంది. నిజంగా వినడానికే అడగండి, ఎందుకంటే ఒక్కోసారి నిజంగానే జవాబు వస్తుంది, అదీ మంచి జవాబు.

దీంతో నాకు మీ స్థలం గుర్తొస్తోంది. లింకు డాక్యుమెంట్లలో ఒకటి లేదన్నారు, దాన్ని మీరు అడ్డుపుల్ల అన్నారు. అమ్మా, అది అడ్డుపుల్ల కాదు, అడగాల్సిన మొదటి ప్రశ్న! ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే దస్తావేజుల గొలుసులో ఒక లింకు తెగితే రేపు ఎవరో వారసుడినంటూ వచ్చి నిలబడితే మీ చేతిలో ఏముంటుంది? ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లూ తాకట్లూ చూపించే సర్టిఫికెట్) తీయించారా? లేఅవుట్‌కి అనుమతి ఉందా? ఆ లేని దస్తావేజు నకలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుందేమో అమ్మేవాళ్లని అడిగారా? ఇవేవీ ఉత్తరంలో లేవు, అడ్వాన్సు ఇచ్చారో లేదో కూడా రాయలేదు. ఇవ్వకపోతే ఆగండి. ఒక వకీలు చూసేదాకా ఆగండి. రోజూ కాదనే మనిషితో వచ్చే అసలు నష్టం చిరాకు కాదు, ఇది. ఆయన తొంభై తొమ్మిదిసార్లు ఊరికే కాదంటాడు, మన చెవులు మూసుకుపోతాయి, నూరోసారి పనికొచ్చే మాట అంటే అదీ ఆ మూటలోకే పోతుంది.

ఆ మాటకొస్తే పులస కూడా. నేను మీ అన్నయ్యగారి వకాల్తా పుచ్చుకున్నానని అనుకోకండి గానీ, మీరు కొన్న చేప వేరు, పక్కింటివాళ్లు తెచ్చిన చేప వేరు. సముద్రంలో ఉన్నంతసేపూ ఇలస, వానాకాలం వరదనీటికి గోదావరిలోకి ఎదురీదుకుంటూ వచ్చాక పులస, ఒకటే చేప, ఈదిన దూరాన్ని బట్టి రుచీ ధరా మారిపోతాయి. బయటి నుంచి ఐస్‌లో వచ్చిన ఇలసని పులసని చెప్పి అంటగట్టడం మీ ఊళ్లో ఎవరికీ కొత్త కాదు. అంటే ఆయన రెండుసార్లూ నిజమే చెప్పి ఉండొచ్చు. పుస్తెలమ్మి కొన్నాక ఇలస అని చెప్తే ఎవరికైనా ఒళ్లు మండుతుందనుకోండి, అది వేరే సంగతి.

పుష్కరాల విషయంలో మాత్రం మీరే రైటు. గోదావరికి 2015, కృష్ణకి 2016. ఆయన రెండూ కలిపేసుకుని ఉంటారు. ఇక్కడ మీరు చేసిన పొరపాటు చిన్నదే కానీ దాని గురించి కొంచెం చెప్పాలి. ఫోన్ తీసి అందరి ముందూ చూపించారు. అక్కడ ఎవరెవరు ఉన్నారు? భార్య, అత్తగారు, బావమరిది. ఇంటల్లుడు అత్తగారి ముందు ఆడవాళ్ల ఫోన్ చూసి ‘అవును, నాదే తప్పు’ అంటాడా? ఆ వయసు మగాళ్లలో నేను నలుగురిని కూడా చూడలేదు. ‘ఫోన్‌లో ఎవడైనా రాస్తాడు’ అన్నది పుష్కరాల గురించి కాదు, బయటికి దారి లేక కిటికీ దూకడం. అదే మీరు ‘2016లో కృష్ణకి వచ్చాయి కదండీ, అది అనుకుని ఉంటారు’ అంటే, ఆయనకి తలుపు తెరిచి పెట్టినట్టు. ఆయన ‘ఆఁ, కృష్ణవే అనుకున్నా’ అని దర్జాగా బయటికి నడిచేవారు. మీ మాటే నెగ్గేది, ఆయన మర్యాదా మిగిలేది. కొంతమంది అడుగుతారు, తప్పు ఆయనది అయినప్పుడు నేనెందుకు తలుపు తియ్యాలి అని. తియ్యక్కర్లేదు, హక్కేం లేదు ఆయనకి. కానీ సాయంత్రం ఐదుకి టెన్షన్ పడుతున్నది మీరు.

ఉక్క గురించి ఎక్కువ చెప్పను. ఉక్కగా ఉందండీ అంటే అది వాతావరణ సమాచారం కాదు, పలకరింపు. ఆయన దాన్ని సమాచారంగా తీసుకుని తనిఖీ చేస్తున్నారు. ‘ఇదేం ఉక్క’ అంటే ‘అలాగా’ అని కాఫీ పెట్టడానికి వెళ్లిపోండి. ‘అలాగా’ని సాగదీయకండి, సాగదీస్తే అది తిట్టు. మామూలుగా, కూరలో ఉప్పు చూసి చాలన్నట్టు. మీరు చెప్పాల్సింది చెప్పారు, దాని మీద తీర్పు వినడానికి అక్కడే నిలబడాల్సిన పని లేదు. మాట్లాడటం మాత్రం మానెయ్యకండి, అడిగారు కాబట్టి చెప్తున్నా. మీ ఇంట్లో మీరు మూగబోతే, వారం తిరిగేసరికి ఆ మౌనాన్ని కూడా ఎవరో ఒకరు తప్పు పడతారు, ‘అన్నయ్యగారొస్తే మొహం మాడ్చుకుంటుంది’ అని.

ఇప్పుడు ఆయన ఎందుకిలా అనే ప్రశ్న. మనిషిని చూడకుండా రోగం పేరు చెప్పే అలవాటు నాకు లేదు, మీరు కూడా ఫోన్‌లో వెతికి ఆయనకేదో డిజార్డర్ అని తేల్చకండి. కానీ మీ ఉత్తరంలో ఒక మాట నన్ను పట్టుకుంది: ఆడిట్. ముప్ఫై ఏళ్లకి పైగా ఆయన చేసిన పనేంటి? వేరేవాళ్ల లెక్కలు ముందు పెట్టుకుని ఎక్కడ తప్పుందో వెతకడం. ఓచర్ లేదు, సంతకం లేదు, మంజూరు లేదు, అంటూ అభ్యంతరాల పేరాలు రాయడం. అభ్యంతరం రాయని ఆడిటర్‌ని పైవాళ్లు ‘ఏం చూశావయ్యా’ అంటారు. ఎక్కడికెళ్లినా కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, భయంభయంగా ఫైలు ముందు పెట్టేవాళ్లు. ఒక తారీఖున అదంతా ఆగిపోయింది. కాఫీ మాత్రం మీ ఇంట్లో దొరుకుతోంది, ఫైలు లేదు. దాంతో మీరు ఏ మాటంటే అదే ఫైలు. ఉక్కకి ఒక పేరా, పులసకి ఒక పేరా.

ఇది నా ఊహే. కానీ పరీక్షించడం తేలిక: ఆయనకి నిజంగా ఒక ఫైలు ఇవ్వండి. స్థలం కాగితాలు మొత్తం, జిరాక్సులు, ఈసీ, పాత దస్తావేజులు ఒక కవర్లో పెట్టి మీ వారు తీసుకెళ్లి ‘బావా, నువ్వన్నది నిజమే, లింకు తెగింది. ఇంకా ఏమేం లోపాలున్నాయో చూసి కాగితం మీద రాసివ్వు’ అని అడగాలి. నోటితో కాదు, రాతలో. వారం రోజులు ఆయన ఆ కాగితాల మీదే ఉంటారు, కళ్లజోడు సర్దుకుంటూ. మీకు ఉచితంగా ఒక ఆడిట్ అవుతుంది. ఒక్క షరతు మాత్రం ముందే చెప్పాలి: ఆయన లోపాలు చూపించాలి, కొనాలా వద్దా అనేది వకీలుతో మాట్లాడి మీరు తేల్చుకుంటారు. ఆడిటర్‌కి ఇది కొత్తేం కాదు, అభ్యంతరం రాయడం వరకే ఆయన పని, డబ్బు ఖర్చు పెట్టేది వేరేవాళ్లని ఆయనకి తెలుసు.

నాకు ఇలాంటి ఉత్తరాలు ఆఫీసుల నుంచీ వస్తుంటాయి, మీటింగులో ఒకడు ప్రతిదానికీ మోకాలడ్డుతున్నాడని. వాళ్లకి నేనిచ్చే జవాబు కొంచెం వేరు. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో చార్లన్ నెమెత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశారు. గుంపులో ఒకరు నిజంగా నమ్మి కాదన్నప్పుడు, వాళ్ల మాట తప్పయినా సరే, మిగతావాళ్లు విషయాన్ని నాలుగు వైపుల నుంచి ఆలోచిస్తారని ఆవిడ చూపించారు. ఊరికే పాత్ర పోషిస్తున్నట్టు ఎదురు వాదిస్తే ఆ ఫలితం అంతగా రాదు. అంటే తేడా ఎంత గట్టిగా కాదన్నాడన్నదాన్లో లేదు, ఆ మాట తనదా కాదా అన్నదాన్లో ఉంది. దస్తావేజు మాట ఆయనది. ‘ఇదేం ఉక్క’ ఎవరిదీ కాదు.

ఒక కిటుకు మాత్రం వద్దు. మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది, తట్టకపోతే మీ అమ్మాయికి తట్టి ఉంటుంది: ఎలాగూ తెడ్డెమంటారు కదా, మనకి కావాల్సినదానికి ఉల్టా చెప్తే పోలేదా అని. సీఈసీ కావాలంటే ‘సీఈసీ దండగ మావయ్యా’ అనడం. పనిచేస్తుంది, కాదనను, రెండు మూడుసార్లు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, వంటింట్లోకి వెళ్లి నవ్వుకోవచ్చు కూడా. తర్వాత ఆయనకి తెలిసిపోతుంది, లెక్కల్లో దొంగతనం పట్టుకోవడమే కదా ఆయన ఉద్యోగం. అప్పటిదాకా కాస్త పేచీకోరు మనిషిగా ఉన్నవారు, తనని అందరూ కలిసి ఆడిస్తున్నారని తెలిశాక ఎలా ఉంటారో ఆలోచించండి. పైగా ఇంట్లో ఎవరు ఏది నిజంగా అంటున్నారో ఎవరికీ తెలియకుండా పోతుంది.

అమ్మాయి సంగతి. తలుపేసుకుంటోందన్నారు, దాన్ని తప్పు పట్టను. పదహారేళ్ల పిల్లకి నోట్లోంచి వచ్చిన ప్రతి మాటకీ ఒక కాదు తగులుతుంటే ఇక ఏదీ బయటికి అనకుండా ఉండటమే మేలనిపిస్తుంది, ముందు ఆయన దగ్గర, తర్వాత మీ దగ్గర కూడా. గ్రూపు విషయం ఆయన ముందు తేవడం ఇవాళ్టితో ఆపేయండి. ముగ్గురూ కూర్చుని, అది ఏం అవ్వాలనుకుంటోందో, లెక్కలంటే ఇష్టమో భయమో, సీఏ వైపు మనసుందో లేక స్నేహితురాలు సీఈసీ తీసుకుందని అంటోందో, అవన్నీ మాట్లాడి మీరు ముందు ఒక మాట మీద ఉండండి. చేరిపోయాక చెప్పండి. అప్పుడు ఆయన ‘సీఈసీనా’ అంటే మీ వారే అందుకోవాలి: ‘అవును బావా, చేర్పించేశాం. దానికి అకౌంట్స్‌లో ఏదైనా తెలియకపోతే నీ దగ్గరికి పంపిస్తా.’ ఆయన ఏదో ఒకటి అంటారు, అననివ్వండి. కానీ ఆ పిల్ల ముందు ‘ఇంజనీర్లంతా ఖాళీ, కామర్స్ దండగ, నీవల్ల ఏమవుతుంది’ దాకా వెళ్తే మాత్రం అప్పుడు మీరు, అవును మీరే, నెమ్మదిగా ‘అన్నయ్యగారూ, దాని చదువు గురించి దాని ముందు అలా అనకండి’ అనండి. గొంతు పెంచక్కర్లేదు. ఇంటల్లుడైనా సరే, మీ కూతురికి తల్లి మీరు. తలుపు అవతల అది వింటూనే ఉంటుంది.

గట్టిగా కడిగెయ్యాలా అనడిగారు. కడిగేస్తే ఏమవుతుందో మీకు తెలుసు, తెలుసు కాబట్టే నాకు రాశారు. వదినగారు నాలుగు నెలలు రారు, అత్తయ్య ఏడుస్తారు, మీ వారు ఇటూ అటూ కాకుండా నలిగిపోతారు, చివరికి పండక్కి మీరే వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. పోనీ అప్పటికి ఆయన మారతారా అంటే, వచ్చీ రాగానే ‘ఈ ఏడు అరిసెలు కుదరలేదే’ అంటారు. కడిగెయ్యాల్సిన రోజు రావచ్చు, అత్తయ్య మందుల విషయంలో మీ వారు చెప్పాక కూడా ఆయన ఆవిడ చెవిలో అదే ఊదితే ఆ రోజు వచ్చినట్టే, అప్పుడు నన్ను అడగక్కర్లేదు. పులస కోసం మాత్రం ఆ ఆయుధం వాడుకోకండి.

ఇంకొక్క చిన్న సంగతి, మీరు అడగలేదు గానీ. రోజూ ఆయన వచ్చేదాకా ఎదురుచూసి ఆయన ముందు కూర్చోవాలని ఏం లేదు కదా? వారంలో రెండు రోజులు ఐదున్నరకి మీరు ఇంట్లో లేకుండా పోండి. గుడికో, గట్టు మీదికో, కూరగాయలకో. ఫ్లాస్కులో కాఫీ పోసి పెట్టండి, మీ వారు అందిస్తారు. ఆయన వస్తున్నది కాఫీ కోసమో, అత్తగారిని చూడ్డానికో, మనుషుల మధ్య కూర్చోవడానికో, మీకోసమే అని మాత్రం నేననుకోను. ‘బావగారి తీరే అంత’ అనే మీ వారికి కూడా ఆ తీరు ఎంతో పూర్తిగా తెలుస్తుంది.

ముందు బీపీ మిషన్ కొనండి. తర్వాత కవర్లో కాగితాలు. ఆయన ఎన్ని పేరాలు రాసిచ్చారో, వకీలు వాటిలో ఎన్నిటికి తలూపాడో నాకు తప్పకుండా రాయండి, పందెం కాస్తాను, కనీసం మూడు ఉంటాయి.